అడవిని చదువుట

అడవి తనంతట తానే పెరుగును గదా, దానిని గూర్చి నేర్చుటకు కళాశాల ఎందుకని అడుగువారు కలరు. వరి పండించుటకు వ్యవసాయ విద్య కావలెనని ఎవరును కాదనరు. దుప్పికి మేతయు, నీరును, నీడయు సమకూర్చుట మాత్రము చదువు అక్కరలేని పనిగా తోచును. పూర్వపు వరంగల్లు జిల్లా చరిత్రను పరిశీలించినచో ఈ అభిప్రాయము సరికాదని తెలియును.

2016 అక్టోబరులో ఆ జిల్లానుండి జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడినవి. 2019లో భూపాలపల్లి నుండి ములుగు వేరైనది. పడమట నున్న జనగామ మెట్టప్రాంతము. చెరువులు, తాటిచెట్లు, రాతిగుట్టలు అచట కనిపించును. తూర్పునకు పోయినకొలది అడవి చిక్కనగును. మహబూబాబాదు జిల్లాలో గూడూరు వైపున పాకాల అడవులు, గోదావరి దిక్కున ఏటూరునాగారము అడవులు కలవు. టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, వెదురు ఇచట విస్తారముగా పెరుగును.

ఈ నేలను మానవుడు తీర్చిదిద్దుట నేటి మాట కాదు. 13వ శతాబ్దిలో, కాకతీయ గణపతిదేవుని పాలనలో, గుట్టల నడుమ కట్ట వేసి పాకాల చెరువును నిర్మించిరి. రామప్ప, లక్నవరము చెరువులును కాకతీయుల కాలము నాటివే. ఇవి వరిపొలముల కొరకు కట్టినవి. అయినను వేసవిలో అడవి జంతువులకు త్రాగునీరును, చలికాలమున వలస పక్షులకు విడిదియు వీనివలన లభించినవి. అడవి చెరువును కాపాడును, చెరువు అడవిని కాపాడును. పైనున్న చెట్లను నరికినచో వానకు మట్టి కొట్టుకొని వచ్చి చెరువు పూడిపోవును.

మనదేశమున అటవీవిద్య చాల కాలము తరువాత వచ్చినది. 1864లో బ్రాండిస్ అను జర్మను పండితుడు ప్రభుత్వ అటవీశాఖకు తొలి అధిపతి అయ్యెను. 1878లో డెహ్రాడూనులోను, 1912లో కోయంబత్తూరులోను అటవీ విద్యాలయములు వెలసినవి. ఏటేట ఎంత కలప తీయవచ్చును, నరికినచోట మరల మొక్కలు ఎట్లు పెంచవలెను అనునవి నాటి ముఖ్య పాఠములు. అడవి కలప నిధి. మృగము వేటకు లక్ష్యము. ఈ రెంటికిని గల సంబంధమును చెప్పు పాఠము అప్పటికి రూపుదిద్దుకొనలేదు.

దానికి బీజములు 1930 దశకమున పడినవి. 1931–32లో సలీం అలీ హైదరాబాదు సంస్థానమున పక్షులను సర్వే చేసి, ఏ పక్షి ఎట్టి చోట నివసించునో నమోదు చేసెను. 1933లో అమెరికాలో ఆల్డో లియోపోల్డు వన్యప్రాణి నిర్వహణమును గూర్చి గ్రంథము వ్రాసి, ఆ విషయమునకే విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. అడవిని పాడుచేసిన గొడ్డలి, నిప్పు, పశువుల మేపు మొదలగువానినే తెలిసి వాడినచో అడవి బాగుపడునని ఆయన సిద్ధాంతము.

1950 దశకపు తొలి యేండ్లలో హైదరాబాదు రాష్ట్రము పాకాల, ఏటూరునాగారము అడవులను అభయారణ్యములుగా ప్రకటించినది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. హద్దు గీయుట ఒకనాటి పని. ఆ హద్దులోపల ఏమి చేయవలెననునది ప్రతిదినము ఎదురగు ప్రశ్న.

ఉదాహరణమునకు నిప్పును చూడుడు. ఈ అడవులు ఆకు రాల్చునవి. వేసవి నాటికి నేలపై ఎండుటాకు పరచుకొనును. లేత తునికాకు కొరకో, ఇప్పపూవు ఏరుటకు వీలుగానో పెట్టిన చిన్న మంట కొండలకు ప్రాకును. మొలకలు, నేలమీది పక్షిగ్రుడ్లు దగ్ధమగును. కాని వేసవి రాకముందే సన్నని పట్టీలుగా ఆకు ఊడ్చి, అదుపులో కాల్చినచో, పెద్దమంట ఆ పట్టీని దాటజాలదు. ఒకే నిప్పు ఒకచోట శత్రువు, ఒకచోట పనిముట్టు. గడ్డి సంగతియు అట్టిదే. లాంటానా కంప క్రమ్ముకొన్నచోట ఎండ నేలకు తగలదు, గడ్డి మొలవదు. గడ్డి లేనిచోట దుప్పి నిలువదు. దుప్పి పోయినచో చిరుతపులి ఊరి మేకలపై పడును.

2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో పెనుగాలి వీచి, వేలకొలది చెట్లు కూలినవి. కూలిన మ్రాకులను తొలగింపవలెనా, ఉంచవలెనా? ఉంచినచో అవి పురుగులకు, పుట్టగొడుగులకు ఆహారమై నేలను సారవంతము చేయును. ఎండి మంటలకు ఇంధనమును కావచ్చును. తెరపి పడినచోట మొదట గడ్డి వచ్చునా, కలుపు కంప వచ్చునా? నేల చూడనిదే ఏ గ్రంథమును దీనికి జవాబీయజాలదు.

జనగామ వంటి మెట్టసీమలోను ఈ విద్యకు పని కలదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ క్రింద చెరువుల పూడిక తీసి పొలములకు తోలిరి. రైతునకు ఇది మేలు. పూడిక తీయునపుడు ఒకవైపు లోతు తక్కువగా వదలినచో కొంగలకును మేత మిగులును. తాటిచెట్టు ఉన్నచోట గిజిగాని గూడు ఉండును.

కోయలు మొదలగు అడవిబిడ్డలకు ఈ సంగతులు తరతరములుగా తెలియును. 2006 నాటి చట్టము వారి అటవీహక్కులను గుర్తించినది. వారిని అడవికి పరాయివారిగా చూచు సంరక్షణము న్యాయమును కాదు, ఫలించునదియు కాదు. విద్యార్థికి వారు తొలి గురువులు కావలెను.

1982లో డెహ్రాడూనులో వన్యప్రాణి సంస్థ ఏర్పడినది. మన రాష్ట్రమున దూలపల్లి అకాడమీ అటవీ సిబ్బందికి శిక్షణ నిచ్చుచున్నది. 2016లో ప్రారంభమైన అటవీ కళాశాల నేడు సిద్దిపేట జిల్లాలోని ములుగున కలదు. ఈ విద్యకు తొలి పాఠము ఉన్నత పాఠశాలలోనే చెప్పవచ్చును. ఉపాధ్యాయులు విద్యార్థులను ఊరిచెరువు గట్టునకు తీసికొనిపోయి, ఏ నెలలో ఏ పక్షి వచ్చెనో, నీరెంత తగ్గెనో, ఏ మొక్క క్రొత్తగా మొలచెనో ఏడాదిపాటు వ్రాయింపుడు. ఆ నోటుపుస్తకము ఊరికే ఉపయోగపడును.