మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఉప్పు పడని కథ

ద్రవ క్రొమటోగ్రఫీకి, మాస్ స్పెక్ట్రోమెట్రీకి పొత్తు అంత తేలిగ్గా కుదరలేదు. మొదటిది ద్రవంతో పని చేస్తుంది, రెండోది శూన్యంలో. ద్రవాన్ని ఎలాగోలా ఆవిరి చేసినా, అందులో కరిగిన బఫర్ లవణాలు మిగిలిపోతాయి.

1970లలో ప్రయోగశాలల్లో ఫాస్ఫేట్ బఫర్‌దే రాజ్యం. అప్పటి యూవీ డిటెక్టర్‌కు అది చక్కగా సరిపోయేది. 200 నానోమీటర్ల దగ్గర కూడా కాంతిని దాదాపు పీల్చదు. పీహెచ్ 2, 7ల చుట్టూ గట్టిగా నిలుస్తుంది. అయితే ఆవిరి కాదు. మాస్ స్పెక్ట్రోమీటర్ సోర్స్‌లోకి వెళితే పొడిగా గడ్డకట్టి ద్వారాలను మూసేస్తుంది. ద్రవాన్ని కదిలే పట్టీ మీద ఆరబెట్టి, మిగిలినదాన్ని శూన్యంలోకి పంపే పద్ధతిని ఆ దశకంలోనే తెచ్చినా, లవణం కూడా ఆ పట్టీకే అంటుకునేది.

1980ల ఆరంభంలో హ్యూస్టన్‌లో మార్విన్ వెస్టల్ బృందం రూపొందించిన థర్మోస్ప్రే ఈ కథను మలుపు తిప్పింది. వేడి గొట్టంలోంచి ద్రవాన్ని చిమ్మితే అయాన్లు పుట్టడానికి లవణమే తోడ్పడింది. అందుకు ఆవిరయ్యే అమ్మోనియం అసిటేట్‌ను ఎంచుకున్నారు. ఉప్పు ఉండొచ్చు, కానీ ఆవిరి కావాలి అన్న నియమం అలా స్థిరపడింది.

1984లో యేల్‌లో జాన్ ఫెన్, మసమిచి యమషిత ఎలక్ట్రోస్ప్రేను మాస్ స్పెక్ట్రోమీటర్‌కు జోడించారు. 1988 నాటికి ఫెన్ బృందం దాంతో ప్రోటీన్లను కొలిచింది. 2002లో ఫెన్‌కు నోబెల్ దక్కింది. లవణాల బెడద మాత్రం ఇక్కడ మరింత సూక్ష్మంగా కనిపించింది. సోడియం అతుక్కుంటే, ప్రోటాన్‌తో వచ్చే శిఖరానికి 22 డాల్టన్ల పైన మరో శిఖరం వస్తుంది. ఒకే పదార్థపు సంకేతం ముక్కలుగా చీలుతుంది. పైగా బిందువు ఉపరితలం కోసం లవణ అయాన్లు పోటీపడి అసలు సంకేతాన్ని అణచేస్తాయి.

ఆవిరైతే చాలదని ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లం నిరూపించింది. పెప్టైడ్లను కాలమ్ మీద అందంగా విడదీసే ఈ ఆమ్లం వాటితో జతకట్టి సంకేతాన్ని తగ్గిస్తుంది. 1995లో ఆప్ఫెల్ బృందం కాలమ్ తర్వాత ప్రొపియానిక్ ఆమ్లం, ఐసోప్రొపనాల్ కలిపి ఆ నష్టాన్ని కొంత పూడ్చింది. ఆ రోజుల్లోనే స్ప్రేను ద్వారానికి అడ్డంగా అమర్చిన సోర్స్‌లు వచ్చాయి. ఆవిరి కాని కణాలు చాలావరకు పక్కకు పడిపోవడంతో మురికి తగ్గింది, కానీ సంకేతపు అణచివేత తగ్గలేదు.

దాంతో పరిష్కారం యంత్రం నుంచి నమూనా వైపు జరిగింది. ప్రోటీన్లకు డయాలసిస్ లేదా చిన్న సీ18 టిప్‌లతో డీసాల్టింగ్. కాలమ్ నుంచి ముందుగా వచ్చే లవణాన్ని డైవర్ట్ వాల్వ్‌తో వృథా సీసాకు మళ్లించడం. ఫాస్ఫేట్ పద్ధతి తప్పనప్పుడు, కావలసిన శిఖరాన్ని మాత్రమే కోసి రెండో కాలమ్‌కు పంపడం. ఔషధాల మలినాలను గుర్తించే పనిలో ఈ చివరిది బాగా అక్కరకొస్తోంది.

అమ్మోనియం అసిటేట్‌కూ ఓ పరిమితి ఉంది. దాని పీకేఏలు 4.76, 9.25 కావడంతో పీహెచ్ 7 దగ్గర బఫర్‌గా బలహీనం. కాబట్టి పద్ధతి రాసే ముందే పీహెచ్ అవసరాన్ని చూసి ఫార్మేట్, అసిటేట్, బైకార్బొనేట్‌లలో ఒకదాన్ని 5-10 మిల్లీమోలార్‌లో ఎంచుకోండి. ఉప్పును చివర్లో వదిలించుకోవడం కన్నా మొదట్లోనే రానివ్వకపోవడం చౌక.