చెరువు కట్ట – బంగారు గని

మన ప్రాంత చరిత్ర అనగానే పెనుకొండ కోట, లేపాక్షి బసవన్న, ధర్మవరం పట్టుచీర గుర్తుకు వస్తాయి. మట్టినీ, రాతినీ నమ్ముకొని బ్రతికినవారి సంగతి వ్రాసేవారు తక్కువ. అందుకే ప్రత్యేక సంచికకు ఈ నాలుగు మాటలు.

బుక్కపట్నం చెరువు విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయలు 14వ శతాబ్దంలో కట్టించినదని ప్రతీతి. చిత్రావతి నీరే దానికి ఆధారం. సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం సీమలో చెరువే ప్రాణం. అందుకే పూర్వం కట్ట మరమ్మతు చేయించే బాధ్యతతో దశబంధం ఇనాములు ఇచ్చేవారు. తూము తెరచి మడిమడికీ నీరు పారించడానికి నీరుగంటి ఉండేవాడు. రాజ్యాలు మారినా చెరువు నిలిచిందంటే, ఏటేటా దాన్ని కనిపెట్టి ఉండే మనిషి ఉండడమే కారణం.

బుక్కపట్నానికి పడమటి దిక్కున రామగిరి ఉన్నది. అక్కడి పలుగురాతిలో బంగారం ఉందని పూర్వులకు తెలుసు. వారు త్రవ్వి వదిలిన గుంతలే తరువాతివారికి దారి చూపాయి. 1910 ప్రాంతం నుండి 1927 వరకు కంపెనీలవారు గనులు నడిపి మూసివేశారు. 1972లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ కొంతకాలానికి అక్కడ మళ్లీ పని చేపట్టింది. 2001లో కోలారు గనులు మూతపడ్డాయి. రామగిరి పనికీ అదే గతి పట్టింది. గని స్వభావమే అది. లోతుకు పోయేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, తీసిన రాయి తిరిగి పుట్టదు. చెరువు మాత్రం ఒక మంచి వానకు మళ్లీ నిండుతుంది.

అయితే గనిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కరవు ఏడాది వేరుశనగ ఎండిపోయినప్పుడు, రెక్కాడితే గాని డొక్కాడని ఇంటికి గని కూలి ఎంత ఆసరాయో ఊహించుకోవచ్చు. గని నివేదికల్లో ఎన్ని ఔన్సుల బంగారం వచ్చిందో లెక్క ఉంటుంది. దీపం పట్టుకొని దిగినవాని పేరు ఉండదు. మన ఉద్యోగ జీవితానికి సర్వీసు రిజిస్టరు సాక్ష్యం. వారికి సాక్ష్యం ఇంటి పెద్దల జ్ఞాపకమే.

కనుక సభ్యులకు నా మనవి. మీ ఇళ్లలో, మీ ఊళ్లలో గనిలో పనిచేసినవారు, నీరుగంటి పని చేసినవారు ఉంటే, వారి పేరు, ఊరు, చేసిన పని ఒక కాగితం మీద వ్రాయించి ఉంచండి. చెప్పే పెద్దలు ఉండగానే ఆ పని జరగాలి.