బెలెవ్యూ ప్లేస్: ఒక భవనం, ఒక చట్టం

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, షికాగోకు పడమరగా, ఫాక్స్ నది ఒడ్డున బెటేవియా అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి సున్నపురాతి భవనం బెలెవ్యూ ప్లేస్‌ను 1853-54లో ఒక ప్రైవేటు విద్యాలయం కోసం కట్టారు. ఇండియానా, అయోవా రాష్ట్రాల ప్రభుత్వ మానసిక వైద్యశాలలను నడిపిన డాక్టర్ రిచర్డ్ ప్యాటర్సన్ 1867లో దాన్ని కొని, సంపన్న కుటుంబాల స్త్రీల కోసం ప్రైవేటు శానిటోరియంగా మార్చాడు. విశ్రాంతి, పథ్యం, స్నానాలు, ఆరుబయటి గాలి, మనసుకో వ్యాపకం అతని వైద్య విధానం. మందులు అవసరమైనంతే, నిర్బంధం వీలైనంత తక్కువ.

అదే 1867లో ఇల్లినాయ్ మరో మార్పు చూసింది. అంతకుముందు 1851 నాటి చట్టం ప్రకారం, భార్యకు మతి చలించిందనడానికి రుజువు చూపకుండానే భర్త ఆమెను ఆసుపత్రిలో చేర్పించవచ్చు. 1860లో అలా నిర్బంధానికి గురైన ఎలిజబెత్ ప్యాకర్డ్ బయటికొచ్చి చేసిన పోరాటంతో, జ్యూరీ విచారణ తప్పనిసరి అయింది.

ఆ చట్టానికి పెద్ద పరీక్ష 1875 మే 19న ఎదురైంది. హత్యకు గురైన అధ్యక్షుడు అబ్రహాం లింకన్ భార్య మేరీని హోటల్ గది నుంచి నేరుగా షికాగో కోర్టుకు తీసుకెళ్లారు. ఫిర్యాది ఆమె కుమారుడు రాబర్ట్. ఆమె తరఫు వకీలును ఎంచుకున్నదీ అతని పక్షంవారే. ఆ వకీలు ఒక్క సాక్షినీ పిలవలేదు. వైద్యులు, హోటల్ సిబ్బంది, దుకాణదారులు ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పారు. పన్నెండుగురు పురుషుల జ్యూరీ ఆమెకు మతి స్థిమితం లేదని కొద్ది నిమిషాల్లో తేల్చేసింది. మరునాడే ఆమెను బెలెవ్యూకు చేర్చారు.

అక్కడ ఆమె వార్డులో లేదు. ప్యాటర్సన్ కుటుంబం ఉండే భాగంలోనే, రెండో అంతస్తులో విడిగా గదులిచ్చారు. షికారుకు గుర్రపు బండి ఉండేది. ఆమె బండెక్కి వెళ్లిన రోజులూ వెళ్లనన్న రోజులూ రోగుల దినచర్య పుస్తకానికి ఎక్కాయి. అయినా గడప దాటి తన ఇష్టం వచ్చిన చోటికి వెళ్లే వీలు లేదు. స్త్రీ అన్న కారణంగా న్యాయవాద లైసెన్సు దక్కని మైరా బ్రాడ్‌వెల్ ఆమె పక్షాన నిలిచింది. ఆ విషయం పత్రికలకెక్కింది. సెప్టెంబరులో మేరీ విడుదలై స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని అక్క ఇంటికి చేరింది. 1876 జూన్ 15న మరో జ్యూరీ ఆమెకు మతి కుదుటపడిందని ప్రకటించింది.

ప్యాటర్సన్ తర్వాత కూడా శానిటోరియం చాలాకాలం నడిచింది. భవనం 1976లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కింది. ఇప్పుడందులో అపార్ట్‌మెంట్లున్నాయి. మేరీ వాడిన మంచం ఊళ్లోని మ్యూజియంలో ఉంది.

బెలెవ్యూలో ఆమెకు సౌకర్యంగానే గడిచింది. లోపం జరిగింది కోర్టులో. ప్యాకర్డ్ సాధించిన చట్టం విచారణనైతే తప్పనిసరి చేసింది కానీ, రోగి తన మాట వినిపించుకునే వ్యవధిని మాత్రం ఇవ్వలేకపోయింది.