సైకిలు పళ్ళ లెక్క

సైకిలు గొలుసునకు ముందొక పళ్ళచక్రము, వెనుకనొక పళ్ళచక్రము కలవు. ముందుదానికి ఎన్ని పళ్ళుండవలెను, వెనుకదానికి ఎన్ని యుండవలెను అను ప్రశ్న చిన్నదిగా కనిపించును. కాని గేర్లు మార్చుకొను సౌకర్యము లేని సైకిలునకు ఆ రెండు సంఖ్యలే ప్రాణము. ఎదురుగాలి వీచినను, మిట్ట వచ్చినను ఆ ఒక్క లెక్కతోనే సాగవలెను. ఆ లెక్క పుట్టిన కథను కొంచెము తెలిసికొందము.

గొలుసు రాకపూర్వము వేరొక చిక్కుండెను. 1870 తరువాత ఇంగ్లండులో వ్యాపించిన ఎత్తుచక్రపు బండికి పెడళ్ళు ముందుచక్రపు ఇరుసుకే బిగించియుండెడివి. పెడలు ఒక చుట్టు తిరిగినచో చక్రమును ఒక చుట్టే తిరుగును. వేగము కావలెనన్న చక్రమును పెంచుటయే మార్గము. 54 అంగుళముల చక్రము ఒక్క చుట్టునకు సుమారు 14 అడుగులు సాగును. అయితే చక్రమెంత పెంచినను తొక్కువాని కాలు పెడలును అందవలెను గదా! కనుక పొడుగరికి పెద్ద చక్రము, పొట్టివానికి చిన్న చక్రము. బండి వేగమునకు మనిషి కాలి పొడవే హద్దయ్యెను. దారిలో రాయి తగిలినచో అంత ఎత్తునుండి తలక్రిందుగా పడుటయు కలదు.

1885లో కావెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలును తెచ్చెను. గొలుసుతో నడచు బండ్లు అంతకుమున్నును కొన్ని వచ్చినవి; లోకమునకు నచ్చినది ఇదియే. పెద్ద పళ్ళచక్రము ముందు, చిన్నది వెనుక నుండుటచే పెడలు ఒకసారి తిరుగునప్పటికి వెనుకచక్రము రెండుసార్లకు పైగా తిరుగగలదు. చిన్న చక్రమే పెద్ద చక్రము పని చేయసాగెను. కాలి పొడవుతో నిమిత్తము తొలగి, పళ్ళ సంఖ్య ప్రధానమయ్యెను.

వింత యేమనగా, ఎత్తుచక్రము పోయినను దాని కొలత పోలేదు. ముందరి పళ్ళను వెనుక పళ్ళతో భాగించి, చక్రపు అడ్డుకొలతతో హెచ్చించినచో గేరు అంగుళములలో వచ్చును. 28 అంగుళముల చక్రము, ముందు 44 పళ్ళు, వెనుక 18 పళ్ళు అనుకొందము. గేరు సుమారు 68 అంగుళములు. అనగా 68 అంగుళముల ఎత్తుచక్రమును తొక్కుటతో సమానము. అంతటి చక్రమును అందుకొను కాళ్ళు ఎవరికి కలవు?

ఇక ఒకే గేరు మంచిదా యను వాదము ఫ్రాన్సు దేశమున తీవ్రముగా సాగెను. సెంటెత్యెన్ నగరవాసి పాల్ ద వీవీ గేర్లు మార్చుకొను ఏర్పాటు ఉండవలెననెను. 1903లో టూర్ ద ఫ్రాన్స్ పందెమును స్థాపించిన ఆన్రీ దెగ్రాంజ్, గెలుపు కండబలముచే రావలెను గాని యంత్రముచే కాదనెను. అందుచే ఆనాటి పందెగాండ్రు వెనుకచక్రమునకు రెండు ప్రక్కల రెండు పళ్ళచక్రములు బిగించుకొని, కొండ మొదట దిగి, చక్రమును ఊడదీసి త్రిప్పి పెట్టుకొనెడివారు. 1910లో 2115 మీటర్ల టూర్మలే కనుమపై ఆ యేటి విజేత యగు లపీజ్ సైతము కొంతదూరము సైకిలును నెట్టుకొనుచు నడచెను. గేర్లు మార్చు సాధనమునకు ఆ పందెమున అనుమతి 1937లో గాని రాలేదు.

పందెగానికి పట్టుదల శోభించును. పాలబిందెలతో, ధాన్యపు మూటలతో సాగు మనవారికి పట్టుదలకన్న మోకాళ్ళు ముఖ్యము. పై యుదాహరణలో వెనుక 18కి మారుగా 20 పళ్ళు వేసినచో త్రొక్కుడు బరువు పదింట ఒకవంతు తగ్గును. వేగమును అంతే తగ్గును. గోదావరి కాలువగట్టుపై 18 చాలును. విశాఖ మిట్టలకు 20 మేలు. దినదినము ఎక్కక తప్పని మిట్టను చూచి గేరు ఎంచవలెను గాని, ఎప్పుడో దొరకు వాలును చూచి కాదు. వాలులో త్వరగా పోలేకపోయిన నష్టము కొన్ని నిమిషములే. మిట్టలో ఓపలేనిచో సైకిలే మనకు బరువగును.