రొయ్య పిల్ల చెప్పిన వంశకథ

నెల్లూరు తీరవాసులకు రొయ్యల గుంటలు కొత్త కాదు. అయితే గుడ్డు నుండి వెలువడిన క్షణాన రొయ్య పిల్లకు రొయ్య పోలికే ఉండదన్న సంగతి హేచరీలలో పనిచేసేవారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు. అర మిల్లీమీటరుకు మించని దేహం, ఒకే కన్ను, మూడు జతల ఉపాంగాలు: ఇదే నాప్లియస్ డింభకం. పిమ్మట జోయియా, మైసిస్ దశలు దాటి అది రొయ్య రూపం దాల్చుతుంది. జీవపరిణామ చరిత్రలో ఈ అల్పప్రాణి ఒక ముఖ్యసాక్షి. ఆ చరిత్ర తెలిస్తే మన ఇళ్లలో నేటికీ నిలిచి ఉన్న ఒక అపోహ కూడా తొలగుతుంది.

పడవల అడుగున తెల్లని గుల్లల వలె అతుక్కుని ఉండే బార్నకిళ్లను పండితులు చిరకాలం నత్తల, ఆలుచిప్పల వర్గంలో చేర్చారు. సైనిక వైద్యుడైన జాన్ వాన్ థాంప్సన్ వాటి పిల్లలు స్వేచ్ఛగా ఈదుతాయనీ, అవి రొయ్యలకూ పీతలకూ బంధువులనీ 1830లో ప్రకటించాడు. పెరిగిన దేహం దాచిన చుట్టరికాన్ని శైశవం బయటపెట్టింది. బార్నకిళ్ల తొలిదశ కూడా నాప్లియసే. రొయ్యలోనూ అదే దశ ఉన్నదని బ్రెజిల్ తీరంలో కనుగొన్న ఫ్రిట్జ్ ముల్లర్, 1864లో డార్విన్‌ను సమర్థిస్తూ గ్రంథం వెలువరించాడు. ముల్లర్ వైద్యవిద్య అభ్యసించినవాడే. మతపరమైన ప్రమాణం చేయ నిరాకరించినందున వైద్యవృత్తికి దూరమయ్యాడు.

1866లో హేకెల్ మరింత ముందుకు పోయి, పిండం తన పూర్వీకుల రూపాలన్నింటినీ వరుసగా ధరిస్తుందన్నాడు. ఆ సూత్రం నిలువలేదు. సామాన్య లక్షణాలు ముందు, విశేష లక్షణాలు తరువాత ఏర్పడతాయని 1828లోనే కార్ల్ ఫాన్ బేర్ చెప్పిన మాటే సత్యానికి సమీపం. మానవ పిండం ఏనాడూ చేప కాదు. ఒకే తీరు పునాదిపై రెండు వేర్వేరు కట్టడాలు లేస్తాయి. నాలుగవ వారంలో మెడ భాగాన ఏర్పడే వంపులు చేపలో మొప్పలకు ఆధారమైతే, మనలో దవడగా, చెవిలోని చిన్న ఎముకలుగా, స్వరపేటిక భాగాలుగా మారతాయి. 1984లో పండ్ల ఈగలో గుర్తించిన హోమియోబాక్స్ అనే జన్యుఖండం కప్పలోనూ మనిషిలోనూ కనిపించడంతో ఈ బంధుత్వం జన్యుస్థాయిలోనూ రూఢి అయింది.

మన ముఖం కూడా విడివిడి భాగాలు కలిసి ఏర్పడేదే. పైపెదవి భాగాలు గర్భంలో సుమారు ఏడవ వారానికి అతుక్కుంటాయి. ఆ కలయిక పూర్తి కాకుంటే మిగిలే చీలికనే మనవారు గ్రహణం మొర్రి అంటారు. ఆ పేరులోనే నింద ఉన్నది: గ్రహణవేళ గర్భిణి బయట తిరిగిందని, కత్తి పట్టిందని. గ్రహణానికీ ఈ చీలికకూ ఏ సంబంధమూ లేదు. వంశపారంపర్య జన్యువులు, పొగాకు, మూర్ఛకు వాడే కొన్ని మందులు వంటివి కలిసి ఇందుకు దారితీయవచ్చు. పలుమార్లు స్పష్టమైన కారణమే దొరకదు. మూర్ఛ మందులు వాడే స్త్రీలు వాటిని తమంతట తాము మానక, గర్భధారణకు ముందే వైద్యుని సంప్రదించాలి.

పెదవి చీలికను సాధారణంగా మూడు నుండి ఆరు నెలల వయసులో, అంగిలి చీలికను ఏడాది ప్రాయం అటూ ఇటూగా శస్త్రచికిత్సతో సరిచేస్తారు. ఆ తల్లికి కావలసినది సకాలంలో చికిత్సకు దారి చూపే ఆత్మీయులే గాని, పంచాంగం విప్పి తప్పు లెక్కించేవారు కాదు.