చెక్ ఇంజిన్ లైట్ ఎవరి కోసం వెలుగుతుంది?

ఈ ఎపిసోడ్ ఒక చిన్న లైట్ గురించి. కారు డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగులో, ఇంజిన్ బొమ్మతో వెలుగుతుంది చూడండి, అది. అదే చెక్ ఇంజిన్ లైట్.

సెకండ్ హ్యాండ్ కారు ఉన్న ఇంట్లో ఈ లైట్ తెలిసిన చుట్టమే. కారు బాగానే నడుస్తుంది, పికప్ ఉంది, మైలేజీ వస్తోంది, లైట్ మాత్రం ఆరదు. మెకానిక్ స్కానర్ పెట్టి ఏదో నంబరు చెప్తాడు, ఒక పార్టు మార్చాలంటాడు. మార్చిన వారానికి మళ్లీ వెలుగుతుంది. అప్పుడు మనం మెకానిక్‌ని తిట్టుకుంటాం, లేదంటే లైట్‌నే మర్చిపోతాం.

బాగా నడిచే కారులో కూడా ఈ లైట్ ఎందుకు వెలుగుతుంది? దానికి జవాబు చరిత్రలో ఉంది. ఎందుకంటే దీన్ని తప్పనిసరి చేసింది కారు ఓనర్ సౌకర్యం కోసం కాదు, ఊరి గాలి కోసం.

1943 జులై 26, అమెరికాలో లాస్ ఏంజెలెస్. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. పట్టపగలు ఊరి మీద పొగ కమ్మేసింది. కళ్లు మండుతున్నాయి, గొంతు పట్టేస్తోంది. జపాన్ వాళ్లు విషవాయువు వదిలారేమో అని కూడా జనం భయపడ్డారు. తర్వాత అనుమానం ఊళ్లో ఉన్న ఒక సింథటిక్ రబ్బరు ముడిసరుకు ఫ్యాక్టరీ మీద పడింది. దాన్ని కొన్నాళ్లు మూయించారు కూడా. పొగ మాత్రం పోలేదు.

అసలు దొంగను పట్టుకున్నది ఏరీ హాగెన్‌స్మిట్ అనే డచ్ శాస్త్రవేత్త. కాల్‌టెక్‌లో పనిచేసేవాడు. ఈయన పరిశోధన దేనిమీదో తెలుసా? అనాసపండు వాసన మీద! పండు నుంచి వచ్చే ఆవిరిని చల్లబరిచి, అందులో ఏ పదార్థాలున్నాయో చూసేవాడు. అదే పద్ధతిలో లాస్ ఏంజెలెస్ గాలిని కూడా పట్టి చూశాడు. 1950ల మొదట్లో తేల్చిన సంగతి ఏంటంటే, కారు పొగలో కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్‌గా మారుతున్నాయి. కళ్లు మండించే ఆ పొగమంచు పుట్టేది అక్కడే. చమురు కంపెనీల డబ్బుతో నడిచిన పరిశోధకులు ఈ మాట తప్పన్నారు. దాంతో ఆయనకు పంతం వచ్చింది, పూర్తిగా ఈ పని మీదే కూర్చున్నాడు. 1960ల చివర్లో కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు పెట్టినప్పుడు దానికి మొదటి ఛైర్మన్ ఆయనే. ఈ బోర్డు పేరు గుర్తుపెట్టుకోండి.

1970లో అమెరికా క్లీన్ ఎయిర్ చట్టాన్ని గట్టిగా మార్చింది. కారు పొగలో విషాలు 90 శాతం తగ్గాలంది. దాంతో 1975 మోడల్ కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చింది. సైలెన్సర్ దారిలో ఒక డబ్బా, లోపల తేనెపట్టు లాంటి రాయి, దాని మీద ప్లాటినం లాంటి ఖరీదైన లోహాల పూత. విషవాయువులు దాని గుండా వెళ్తే చాలావరకు విరిగిపోతాయి.

కానీ ఈ డబ్బా మహా సుకుమారం. దాంతో పూర్తి పని చేయించాలంటే గాలి, పెట్రోలు సరిగ్గా ఒక పాళ్లలో కాలాలి. సుమారు 14.7 వంతుల గాలికి 1 వంతు పెట్రోలు. పాత కార్బ్యురేటర్‌కి అంత లెక్క ఎక్కడిది? అందుకే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చెప్పే సెన్సర్ వచ్చింది. బాష్ కంపెనీ తయారు చేస్తే, 1970ల మధ్యలో అమెరికాకు వెళ్లే వోల్వో కార్లలో మొదట పెట్టారు. సెన్సర్ చెప్పింది విని పెట్రోలు తగ్గించడానికో పెంచడానికో ఒక కంప్యూటర్ కావాలి. అలా కార్లోకి కంప్యూటర్ వచ్చింది. చాలామంది అనుకున్నట్టు స్పీడు కోసం కాదు, పొగ కోసం.

1981 మోడల్‌లో జనరల్ మోటార్స్ తన పెట్రోలు కార్లన్నిటికీ దాదాపుగా ఈ కంప్యూటర్ పెట్టింది. డ్యాష్‌బోర్డు మీద "చెక్ ఇంజిన్" అనే అక్షరాలు. కంప్యూటర్ ఏం చెబుతోందో తెలుసుకోవడం అప్పట్లో భలే తమాషాగా ఉండేది. స్టీరింగ్ కింద ఒక సాకెట్. అందులో రెండు పిన్నులను ఒక పేపర్ క్లిప్‌తో కలిపి తాళం తిప్పితే లైట్ మిణుకుమిణుకుమంటుంది. ఒకసారి మెరిసి, ఆగి, రెండుసార్లు మెరిస్తే 12 అన్నమాట. అంటే "నేను మేలుకునే ఉన్నాను" అని కంప్యూటర్ చెప్పడం. తర్వాత వచ్చే నంబర్లే అసలు కంప్లయింట్లు. పుస్తకం ముందు పెట్టుకుని మెరుపులు లెక్కపెట్టాలి. స్కానర్ లేదు, యాప్ లేదు. కాగితాలకు పెట్టే క్లిప్పే స్కానర్!

ఇక్కడే ఆ కాలిఫోర్నియా బోర్డు మళ్లీ వస్తుంది. వాళ్ల బాధేంటంటే, కొత్త కారు పరీక్షలో పాసవుతుంది. ఐదేళ్ల తర్వాత సెన్సర్ చచ్చిపోతుంది, కారు మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఓనర్‌కి తెలియదు, తెలిసినా పట్టదు. పొగ మాత్రం ఊరంతా పీలుస్తుంది. కాబట్టి కారు తన మీద తానే ఫిర్యాదు చేసుకోవాలని రూలు పెట్టారు. అదే ఓబీడీ, అంటే కారులోనే ఉండే డయాగ్నసిస్. 1988 మోడల్ నుంచి కాలిఫోర్నియాలో అమలైంది.

ఆ మొదటి రూల్లో ఒక పెద్ద లోటు ఉంది. ఒక్కో కంపెనీది ఒక్కో సాకెట్, ఒక్కో భాష. వీధి చివర మెకానిక్ ఎన్ని స్కానర్లు కొంటాడు? అందుకే రెండో తరం, ఓబీడీ-2 వచ్చింది. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకీ ఒకే 16 పిన్నుల సాకెట్, ఒకే రకం కోడ్లు. మీరు ఆన్‌లైన్‌లో కొనే చిన్న బ్లూటూత్ డాంగిల్ ఉంది చూశారా, అది ఫోన్‌తో మాట్లాడగలుగుతోందంటే ఈ రూలు పుణ్యమే.

ఇప్పుడు ఆ కోడ్ల సంగతి. అతి మామూలుగా కనిపించేవాటిలో పీ 0420 ఒకటి. పీ అంటే ఇంజిన్, గేర్ బాక్సు వైపు సమస్య. తర్వాతి 0 అంటే అన్ని కంపెనీలకూ ఉమ్మడి కోడ్. మిగిలిన అంకెలు ఏ విభాగంలో ఏ తేడానో చెప్తాయి. ఈ కోడ్ అర్థం, క్యాటలిటిక్ కన్వర్టర్ పని హద్దు కంటే తగ్గిందని. చూడగానే "కన్వర్టర్ పోయింది, మార్చాలి" అంటారు. అది చాలా ఖరీదైన పార్టు.

కానీ కంప్యూటర్ కన్వర్టర్‌ని కళ్లతో చూడలేదు కదా! దానికి ముందొక ఆక్సిజన్ సెన్సర్, వెనకొకటి. రెండూ చెప్పే మాటల్ని పోల్చి ఒక అనుమానం రాసుకుంది, అంతే. ఎగ్జాస్ట్ పైపులో చిన్న చిల్లు ఉండి బయటి గాలి లోపలికి పోతున్నా అదే కోడ్ రావచ్చు. పోనీ కన్వర్టర్ నిజంగానే పోయిందనుకుందాం. ఎందుకు పోయింది? ఇంజిన్ ఆయిల్ తాగుతోందా? ఒక సిలిండర్ సరిగ్గా కాల్చక పచ్చి పెట్రోలు కన్వర్టర్‌లోకి పోతోందా? అది చూడకుండా కొత్తది పెడితే, కొత్తదీ పోతుంది. వారానికి మళ్లీ లైట్ వెలగడం వెనక కథ చాలాసార్లు ఇదే.

పీ 0171 కూడా ఇలాంటిదే. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని దాని అర్థం. పాత కార్లలో రబ్బరు గొట్టాలు వేడికి బీటలు వారతాయి. ఆ బీటల్లోంచి లెక్కలో లేని గాలి దూరుతుంది. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న నిజం చెప్తుంది, మనం నిజం చెప్పినవాడినే ఉద్యోగంలోంచి తీసేసి కొత్తవాడిని పెడతాం. కోడ్ అనేది సాక్షి ఇచ్చిన ఫిర్యాదు. తీర్పు కాదు.

అన్నట్టు, లైట్ నిలకడగా వెలిగితే వీలు చూసుకుని చూపించొచ్చు. మిణుకుమంటూ వెలుగుతుంటే మాత్రం సిలిండర్ మంట తప్పుతోందని, కన్వర్టర్ అప్పటికప్పుడే పాడైపోతుందని అర్థం. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయండి, వీలైనంత త్వరగా పక్కకు ఆపండి.

ఫిర్యాదు చేసే సాక్షి ఉంటే నోరు మూయించేవాళ్లూ ఉంటారు. స్కానర్‌తో ఒక బటన్ నొక్కితే కోడ్లన్నీ చెరిగిపోతాయి, లైట్ ఆరిపోతుంది. టెస్టుకు వెళ్లే ముందు ఇలా చేస్తారని రూలు రాసినవాళ్లు ముందే ఊహించారు. అందుకే రెడీనెస్ మానిటర్లు పెట్టారు. కోడ్లు చెరిపిన వెంటనే ఈ మానిటర్లు కూడా చెరిగి, "ఇంకా పరీక్ష పూర్తికాలేదు" అని చూపిస్తాయి. మామూలు రోడ్డు మీద కొన్ని రోజులు నడిపితే గానీ అన్నీ పూర్తికావు. కాలిఫోర్నియాలో స్మాగ్ చెక్ చేసేవాళ్లు ఇది చూస్తారు. చదువుకోడానికి అక్కడికి వెళ్లిన మన పిల్లలు మొదటి కారుగా పాత కరోలానో, కామ్రీయో కొంటుంటారు కదా, వాళ్లకు ఇది చాలా ముఖ్యం. అక్కడ పాత కారు అమ్మేటప్పుడు స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది మామూలుగా అమ్మేవాళ్లే. "నువ్వే చేయించుకో, అందుకే రేటు తగ్గించా" అన్నారంటే ఆలోచించండి.

ఓనర్లే కాదు, కంపెనీలు కూడా సాక్షి నోరు మూయించాయి. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వ్యాగన్ బండారం బయటపడింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.1 కోట్ల డీజిల్ కార్లు. టెస్టు జరుగుతోందని సాఫ్ట్‌వేర్ పసిగట్టి అప్పుడు మాత్రం శుభ్రంగా నడిచేది. రోడ్డెక్కాక నైట్రోజన్ ఆక్సైడ్లు హద్దుకు 40 రెట్ల దాకా వెళ్లాయని అమెరికా పర్యావరణ సంస్థ చెప్పింది. ఆ మోసానికి డ్యాష్‌బోర్డు మీద లైట్ వెలగలేదు. ఎలా వెలుగుతుంది? లైట్‌కి చెప్పేది ఆ సాఫ్ట్‌వేరే కదా. దాన్ని పట్టుకున్నది కారులో ఉన్న కంప్యూటర్ కాదు. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు కొలిచే యంత్రాలు కార్లోనే పెట్టుకుని, రోడ్ల మీద తిరిగి, పొగను నేరుగా కొలిచారు. ఆ తర్వాత కంపెనీని వదలకుండా ప్రశ్నలడిగినవాళ్లలో ముందున్నది మళ్లీ అదే కాలిఫోర్నియా బోర్డు.

మన దగ్గరికి వద్దాం. 2000 తర్వాత మన కార్లలో కార్బ్యురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ ఇంజిన్లు మామూలైపోయాయి, వాటితోపాటు చెక్ ఇంజిన్ లైటూ వచ్చింది. ఓబీడీ మాత్రం బీఎస్-4తో వచ్చింది. 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో బీఎస్-4 మొదలైంది. 2013 ఏప్రిల్ నుంచి ఆ బండ్లకు ఓబీడీ-2. దేశమంతా బీఎస్-4 అయ్యింది 2017లో. అంటే 2012లో కర్నూలులో కొన్న కారుకీ, హైదరాబాద్‌లో కొన్న కారుకీ ఈ విషయంలో తేడా ఉండొచ్చు. సాకెట్ ఒకేలా కనిపించినా మీ డాంగిల్ పాత బీఎస్-3 బండితో మాట్లాడకపోవచ్చు. అప్పుడు ఆ కంపెనీ స్కానర్ ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లాలి. 2023 నుంచి కొత్త బైకులకు కూడా ఓబీడీ-2 వచ్చింది, కాబట్టి ఈ లైట్ గొడవ ఇక కార్లవాళ్లది మాత్రమే కాదు.

ఒక్క తేడా మాత్రం నన్ను ఇబ్బంది పెడుతుంది. మన పొల్యూషన్ సర్టిఫికెట్ సెంటర్లో మామూలుగా సైలెన్సర్‌లో గొట్టం పెట్టి చూస్తారు, ఓబీడీ సాకెట్ జోలికి పోరు. లైట్ వెలుగుతున్నా సర్టిఫికెట్ రావచ్చు. కారు ఫిర్యాదు రాసి పెడుతోంది, చదివే ఆఫీసరు లేడు. చదవాల్సింది మీరే.

కాబట్టి పాత కారు కొనడానికి వెళ్తే ఇలా చేయండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేయండి. చెక్ ఇంజిన్ లైట్ వెలగాలి, స్టార్ట్ చేశాక ఆరాలి. మొదట్లోనే వెలగలేదంటే ఎవరో బల్బు పీకేశారేమో అడగండి. బండికి ఓబీడీ-2 ఉంటే డాంగిల్ పెట్టి కోడ్ల కంటే ముందు రెడీనెస్ మానిటర్లు చూడండి. కోడ్లు ఒక్కటీ లేవు, మానిటర్లు మాత్రం చాలావరకు పూర్తికాలేదు అని వస్తే రెండు కారణాలే ఎక్కువ. ఈ మధ్యే బ్యాటరీ తీసి పెట్టారు, లేదా మీరు వస్తున్నారని తెలిసి చెరిపేశారు. ఏదైంది అని అడగండి, కొన్ని రోజులు నడిపాక మళ్లీ చూపించమనండి. ఒప్పుకోకపోతే ఇంకో కారు చూసుకోండి.