అమెరికాలో ఆడపిల్లల పాతకాలపు పేర్ల పునరాగమనం

పంతొమ్మిదో శతాబ్దంలో వాడుకలో ఉండి తర్వాత మరుగునపడిన ఆడపిల్లల పేర్లు కొన్ని ఇరవయ్యో శతాబ్దం చివరి దశకాల నుంచి అమెరికాలో మళ్లీ వాడుకలోకి వచ్చాయి. ఎమ్మా, షార్లెట్, అమీలియా, హేజెల్, వయొలెట్ వీటిలో ముఖ్యమైనవి.

వలసకాలపు ప్యూరిటన్ కుటుంబాలు హానా, రెబెకా వంటి బైబిలు పేర్లూ, పేషెన్స్, ప్రుడెన్స్ వంటి సద్గుణాల పేర్లూ పెట్టుకునేవి.

ఆ కాలపు పేర్లకు దేశవ్యాప్త ఏడాదివారీ లెక్కలు లేవు; 1880 నుంచి మాత్రం అవి దొరుకుతున్నాయి. అమెరికా సామాజిక భద్రతా శాఖ ఇచ్చే సోషల్ సెక్యూరిటీ కార్డుల దరఖాస్తుల నుంచి ఆ శాఖ ఆక్చువరీ (బీమా గణాంక నిపుణుడు) మైకేల్ షాకిల్‌ఫర్డ్ 1997లో పేర్ల జాబితాలు తీయడం పేర్ల అధ్యయనానికి ఎనలేని మేలు చేసింది. 1880లో మేరీ, ఆనా, ఎమ్మా మొదటి మూడు పేర్లు. మేరీ 1946 దాకా అగ్రస్థానం వదలలేదు. 1947లో లిండా దాన్ని తోసిరాజంది. 1953 నుంచి 1961 వరకు మళ్లీ మేరీ, 1962 నుంచి లీసా, 1970 నుంచి 1984 దాకా జెన్నిఫర్ మొదటి స్థానంలో ఉన్నాయి. 1970ల మధ్యలో ఎమ్మా నాలుగు వందల పేర్ల తర్వాత ఎక్కడో ఉండేది.

మలుపు ఆ తర్వాతే వచ్చింది. 1990ల చివర హానా రెండో స్థానానికి చేరింది. 1996 నుంచి 2007 వరకు ఎమిలీ, 2008లో ఎమ్మా, ఆపై ఇసబెల్లా, సోఫియా, 2014 నుంచి 2018 దాకా మళ్లీ ఎమ్మా, 2019 నుంచి ఒలీవియా ముందు నిలిచాయి. అయితే 1880లో నూటికి ఏడుగురు మేరీలుంటే, 2018లో ఎమ్మాలు నూటికి ఒక్కరే.

పేర్లలో వచ్చిన ఈ మార్పులకు సినిమాలూ టీవీలే కారణమన్న వాదన నిలవదు. జెన్నిఫర్ అనే నాయిక ఉన్న ‘లవ్ స్టోరీ’ చిత్రం 1970 డిసెంబరులో విడుదలైంది. ఆ ఏడాది పుట్టిన పిల్లల్లో జెన్నిఫర్‌లు అప్పటికే ఎక్కువ. ‘ఫ్రెండ్స్’ ధారావాహికలో 2002లో పాపకు ఎమ్మా అని పేరు పెట్టేనాటికి అది మొదటి ఇరవై పేర్లలో ఉంది. వినోదరంగం చాలావరకు అప్పటికే పైకి వస్తున్న పేర్లనే అందుకుంటుందని హార్వర్డ్ సామాజిక శాస్త్రవేత్త స్టాన్లీ లీబర్సన్ 2000లో వెలువడిన ‘ఎ మేటర్ ఆఫ్ టేస్ట్’ అనే విలువైన గ్రంథంలో వివరించాడు. అసలు కారణం తరాల అంతరం. అమ్మ పేరు పాతబడినట్లు, అమ్మమ్మ పేరు ముసలివాళ్లదిగా తోస్తాయి. ముత్తవ్వ తరం కనుమరుగయ్యాక ఆ పేర్లకు వయసు ముద్ర చెరిగిపోతుంది.

అన్ని పేర్లూ తిరిగి రాలేదు. అచ్చులు, లకారం నిండిన ఎల్లా, అమీలియా వంటి మృదువైన పేర్లకు ఆదరణ దక్కింది. ఒకప్పుడు మొదటి పదిలో ఉన్న బెర్తా, మిల్‌డ్రెడ్‌లకు దక్కలేదు. మేరీ కూడా ఇటీవలి జాబితాల్లో మొదటి వందలో కనిపించదు.